మాట వినపడే బండి

మా ముగ్గురు టీచర్లకూ కలిపి ఒక కారు ఉంది. 2008 మోడల్ ఇండికా, డీజిల్ బండి. నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ 36 అనే ఉంటుంది, అంటే పాత వరంగల్ జిల్లా నాటిది. 2016 అక్టోబరులో ఆ జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేరయ్యాయి. బండి మాత్రం మూడింటిలోనూ తిరుగుతూనే ఉంది. కొన్నది జనగామలో. రోజూ నడిచేది మహబూబాబాద్ నుంచి గూడూరు మీదుగా కొత్తగూడ, గంగారం వైపు. మాలో ఒకరికి భూపాలపల్లి జిల్లాకు బదిలీ అయినప్పటి నుంచి వారానికోసారి అటు కూడా పోతుంది.

దాని చప్పుడు గురించి చెప్పాలి. ఊళ్లో పిల్లలు దాన్ని ట్రాక్టరు అనేవాళ్లు. మేము బడి మలుపు తిరగకముందే అటెండెన్సు రిజిస్టరు బల్ల మీదికి వచ్చేది. అది నవ్వుకోవడానికి బాగుంది గానీ, గంటకు పైగా ఆ మోతలో కూర్చుని, ఒకరి మాట ఒకరికి వినపడక అరిచి అరిచి, ఆ గొంతుతోనే రోజంతా పాఠం చెప్పడం వేరే సంగతి. బడి చుట్టూ 100 మీటర్ల దాకా పగలు 50 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తున్నాయి. ఆ బడికి వచ్చే పంతులు చెవుల్లో మాత్రం గేటు దాటిన తర్వాత కూడా చాలాసేపు డీజిలింజను కొట్టుకుంటూ ఉండేది.

అయినా చెవుల కోసమో గొంతుల కోసమో మేము ఆ బండిని విప్పలేదు. అవ్వ కోసం విప్పాం.

అవ్వ అంటే మాలో ఒకరి తల్లి, మిగతా ఇద్దరికి వరసకు మేనత్త. నెలకోసారి ఆమెను వరంగల్ దవాఖానాకు తీసుకుపోవాలి. ఇంట్లో కూర్చోబెట్టి కతలు చెప్పమంటే చెప్పదు. ‘నాకేం యాదికుంటయి బిడ్డా’ అని లేచి పోతుంది. కారెక్కితే మాత్రం నోరు ఆగదు. దారిలో కనపడే ప్రతి వాగుకూ, బండకూ, పాత చెరువు కట్టకూ ఆమె దగ్గర ఒక పేరుంది, ఆ పేరు మ్యాపులో ఉండదు. ఏ గట్టు వాళ్లు ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చారో, ఏ ఇంటిపేరు వాళ్ల వేల్పు ఎక్కడ ఆగిందో, కరువేడాది ఏ గడ్డలు తవ్వుకుని తిన్నారో, అన్నీ కోయలోనే చెప్తుంది. పాకాల అడవి మొదలైన దగ్గర ఆమె మాట ఎత్తుకుంటే నర్సంపేట దాకా తగ్గదు.

ఫోనులో రికార్డు చేస్తూ వచ్చాం. ఒకరోజు ఇంట్లో కూర్చుని విన్నాం. ఇంజను మోత ఒకటే. మధ్యమధ్య దూరంగా ఎవరో బావిలోంచి పిలుస్తున్నట్టు అవ్వ గొంతు. మాట మొదలు ఉంటే చివర లేదు, చివర ఉంటే మొదలు లేదు. నాలుగు నెలల రికార్డింగుల్లో రాసుకోవడానికి పనికొచ్చినవి పెట్రోలు బంకు దగ్గర బండి ఆపినప్పుడు మాట్లాడినవే.

2011 జనాభా లెక్కల్లో కోయ మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 4 లక్షలకు పైగా ఉన్నారు. లెక్క పెద్దదే. కానీ ఆ లెక్కలో ఇంటి మాటలు తెలిసినవాళ్లు వేరు, కతలు తెలిసినవాళ్లు వేరు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలు కొడుతూ మన వీరుల చరిత్రలు పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో పోయారు. ఆయన స్థాయి మనిషి కాదు మా అవ్వ, అలాగని ఆమె చెప్పేవి ఇంకెవరైనా చెప్తారా అంటే మాకు తెలిసి లేరు. ఆమె మాట్లాడేది బండిలోనే కాబట్టి బండే మాట వినపడేలా ఉండాలి అనుకున్నాం.

కొత్త కారు కొనమని చాలామంది సలహా ఇచ్చారు. సలహాకు ఈఎంఐ ఉండదు. 15 ఏళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి 2022 ఏప్రిల్ నుంచి ఫీజు 5,000 రూపాయలైంది. అది కట్టి ఇంకో ఐదేళ్ల ఆయుష్షు అప్పటికే తెచ్చుకున్నాం. ఆ ఐదేళ్లూ దీన్ని వాడుకోవాల్సిందే. కారు డెకార్ షాపులో అడిగితే డోర్లు, ఫ్లోరు, టాపు అంతా షీటు వేసి కొత్త కార్పెట్ పరచడానికి 20,000 పైన చెప్పారు. ‘కింద ఏముందో చూడకుండానే ఎట్ల వేస్తరు అన్నా’ అంటే ‘కింద ఏముంటది సార్, రేకే కదా’ అన్నాడతను. కింద ఏముందో మాకు అనుమానం ఉంది. వానాకాలంలో అద్దాలు ఎక్కించి బండి తీస్తే ముక్కిన వడ్ల వాసన వచ్చేది. జనగామలో మాకు బండి అమ్మినతను కొత్త మ్యాట్లు వేసి, సెంటు సీసా తగిలించి మరీ ఇచ్చాడు. వాసనకు సెంటు తగిలించారంటే వాసనకు కారణం అలాగే ఉందని అర్థం.

దసరా సెలవుల్లో మొదలుపెట్టాం. మా ఊరి తమ్ముడొకడు ఐటీఐ చదివి మహబూబాబాద్‌లో టింకరింగ్ పని చేస్తున్నాడు. వాడు పెద్ద, మేము చేతికింద మనుషులం. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీయించాడు. ఒక్కో ముందు సీటుకు నాలుగు బోల్టులు. తుప్పుకు బిగుసుకుపోయినవాటికి ముందు రోజు రాత్రే నూనె పోసి ఉంచాం. సీటు బెల్టుల బోల్టులు విడిగా ఒక డబ్బాలో పెట్టి మీద పేరు రాయించాడు. ప్రమాదంలో మనిషిని ఆపేది ఆ బోల్టే కాబట్టి దాన్ని వేరే బోల్టుతో మార్చకూడదు, తిరిగి బిగించేటప్పుడు వదులుగా ఉంచకూడదు. కొత్త రకం కార్లలో సీటు కింద పసుపు రంగు గొట్టంలో వైర్లు కనపడితే అవి ఎయిర్‌బ్యాగువి, తెలియనివాళ్లు చెయ్యి పెట్టకూడదని కూడా చెప్పాడు. మా బండికి ఆ భయం లేదు, ఎయిర్‌బ్యాగే లేదు.

గుమ్మాల దగ్గర ప్లాస్టిక్ పట్టీలు, గేరు చుట్టూ ఉన్న డబ్బా తీశాక కార్పెట్ మొత్తం ఒకే ముక్కగా పైకి లేచింది. దాని కింద నమదా. పాత గుడ్డ పీచును అట్టలా ఒత్తి చేసే ఈ నమదానే చప్పుడును మింగేది. మాది చప్పుడు బదులు నీళ్లు మింగి కూర్చుంది. ఎడమవైపు ముక్కను ఒకరు ఎత్తలేకపోయాం. పిండితే బకెట్ నిండింది. దాంట్లో ఇప్పపూల తొడిమలు, సుద్దముక్కలు, ఒక పాత హాల్ టికెట్, భూపాలపల్లి నుంచి తెచ్చుకున్న బొగ్గు పొడి. సింగరేణి ఓపెన్‌కాస్టుల లారీల వెనక వారానికోసారి పోయే బండిలోకి ఎంత నలుపు చేరుతుందో ఆ నీళ్లు చూస్తే తెలిసింది. అవ్వ అరుగు మీద కూర్చుని చూస్తూ ‘ఇంత బురదలో నన్ను కూసోబెట్టి తీస్కపోయిన్రా’ అంది.

తప్పించుకోలేని పని ఇక్కడుంది. యువకులు ఎవరైనా ఈ పని నేర్చుకోవాలనుకుంటే ఈ భాగం గుర్తుంచుకోండి. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తేలేదాకా ఒక్క షీటు కూడా అతికించకూడదు. మాలో ఒకరం టార్చి పట్టుకుని లోపల పడుకున్నాం, ఇంకొకరం బిందెతో ముందు అద్దం మీద, తర్వాత అద్దం కింది జాలీలో, తర్వాత ఒక్కో డోరు మీద నీళ్లు పోశాం. అన్నీ ఒకేసారి పోస్తే ఏదీ తెలియదు. జాలీలో పోసినప్పుడు లోపల ఎడమవైపు నీటి చుక్క మెరిసింది. బండి పెట్టేది ఇప్పచెట్టు కింద. ఆకులు, పూలు జాలీలోకి దిగి, నీళ్లు బయటికి పోవాల్సిన దారిని మూసేశాయి. నిండిన నీళ్లు లోపలికి పొర్లుతున్నాయి. రెండోది ఏసీ పైపు. ఏసీ వేసినప్పుడు బండి కింద నీళ్లు కారాలి. కారడం లేదంటే అవి లోపలే పడుతున్నాయి. సన్న తీగతో పొడిస్తే మట్టి ఉండ ఊడి వచ్చింది. మూడోది డోరు లోపలి ప్లాస్టిక్ పరదా. అద్దం మీదుగా డోరులోకి దిగే నీళ్లను అదే ఆపుతుంది. ఎవరో స్పీకరు బిగిస్తూ దాన్ని చింపి వదిలేశారు. మూడింటికీ అయిన ఖర్చు ఒక గమ్ము డబ్బా, పాల ప్యాకెట్ కంటే మందమైన ప్లాస్టిక్ షీటు.

డ్రైవరు మడమ ఆనే చోట రేకు చిల్లు పడింది. బొటనవేలు దూరేంత. అక్కడినుంచి కిందికి చూస్తే సైలెన్సరు పైపు. చప్పుడు సంగతి తర్వాత, ఇది ప్రాణాల సంగతి. సైలెన్సరు ఎక్కడైనా లీకై, పైన రేకుకు చిల్లుండి, అద్దాలు మూసుకుని ఏసీలో పోతుంటే పొగ లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు వస్తే ఎండ దెబ్బ అనుకుంటాం. పాత బండిలో తిరిగే టీచర్లందరూ ఒక్కసారి కాళ్ల కింది మ్యాటు ఎత్తి చూసుకోవాలని మేము గట్టిగానే చెప్తున్నాం. చిల్లు మీద షీటు అతికించి మూసేవాళ్లు ఉన్నారు. అలా మూస్తే తుప్పు ఆగదు, కనపడకుండా పెరుగుతుంది. మా తమ్ముడు చెడిన రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేశాడు. చేసేముందు డీజిలు పైపు, బ్రేకు పైపు ఎటు పోతున్నాయో కింద పడుకుని చూసి, తడి గోనె సంచి, బకెట్ నీళ్లు పక్కన పెట్టుకున్నాడు. మిగతా తుప్పును వైరు బ్రష్‌తో గీకి, థిన్నరుతో తుడిచి, రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు వేశాం. రెండు రోజులు ఎండలో డోర్లు తెరిచి పెట్టాం. పిల్లలు వచ్చి సీట్లు లేని బండిలో బస్సాట ఆడుకున్నారు.

ఇక చప్పుడు. ఇది మన పిల్లలకు చెప్పడం చాలా తేలిక, ఎందుకంటే వాళ్లు డోలు చూశారు. డోలు కొట్టి వెంటనే చర్మం మీద అరచెయ్యి ఆనిస్తే మోత చచ్చిపోతుంది. చర్మం ఊగకుండా చెయ్యి ఆపింది కాబట్టి. కారు రేకు కూడా అలాంటి చర్మమే. ఇంజను, రోడ్డు, గాలి దాన్ని కొడుతుంటాయి, అది ఊగుతూ మోగుతుంటుంది. తారుతోగానీ బ్యూటైల్ రబ్బరుతోగానీ చేసిన జిగురు షీటును రేకుకు అతికిస్తే అది అరచెయ్యి చేసే పని చేస్తుంది. ఊపును తనలోకి లాక్కుని వేడిగా మార్చేస్తుంది. పైన ఉండే అల్యూమినియం రేకు అలంకారం కాదు. కింద రేకుకూ పైన రేకుకూ మధ్య జిగురు నలిగితేనే ఊపు బాగా చస్తుంది. అందుకే రోలరుతో గట్టిగా ఒత్తాలి. రోలరు లేక మేము అప్పడాల కర్ర వాడాం, తర్వాత ఇంట్లో కొత్తది కొనిచ్చాం.

అరచెయ్యి డోలు మొత్తాన్ని కప్పదు, అయినా మోత ఆగుతుంది. షీటు కూడా అంతే. ఒక్కో రేకు పలకలో మధ్య భాగాన నాలుగో వంతు, మూడో వంతు కప్పితే చాలావరకు ఫలితం వస్తుంది. షాపువాళ్లు చెప్పినట్టు అంగుళం వదలకుండా పరిస్తే ఖర్చు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల తారు షీటు చదరపు మీటరుకు మూడు కిలోల పైనే తూగుతుంది. వేలి కణుపుతో కొట్టి చూస్తూ పోయాం. ‘ఠంగ్’ అన్న చోట అతికించాం, ‘దబ్’ అన్న చోట వదిలేశాం. రేకు అడుగున నీళ్లు పోయే చిల్లుల మీద, బోల్టులు దిగే చోట్ల షీటు రానివ్వలేదు.

తారా, బ్యూటైలా అన్న చర్చ మా మధ్య రెండు రోజులు నడిచింది. తారు షీటు చవక. పొయ్యి సెగకు దప్పు కాచినట్టు దాన్ని కాస్త వేడి చేస్తే మెత్తబడి వంపుల్లోకి కూర్చుంటుంది. కానీ మే నెలలో భూపాలపల్లి ఎండలో నిలబెట్టిన బండి లోపల ఏమవుతుందో మాకు తెలుసు. చవక తారు కరిగి వాసన కొడుతుంది, టాపు లోపల అతికించింది జారుతుంది. నేలకు తారు, డోర్లకూ టాపుకూ బ్యూటైలు అని తేల్చుకున్నాం. ఇళ్ల కప్పుకు వేసే తారు పట్టీలు తెచ్చి కారులో అతికించేవాళ్లను చూశాం. ఆ వాసన ఏళ్ల తరబడి పోదు.

షీటు ఒక్కటే సరిపోతుందని అనుకునేవాళ్లు చాలామంది. అది రేకు మోతను చంపుతుంది గానీ గాలిలోంచి వచ్చే చప్పుడును అంతగా ఆపలేదు. దానికి అడ్డుగోడ కావాలి, గోడకు బరువు కావాలి. బరువు రెట్టింపైతే లెక్క ప్రకారం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. బండి బరువు రెట్టింపు చేసుకుంటామా? అందుకని ఇంజనుకూ కాళ్లకూ మధ్య ఉన్న గోడ రేకు మీద మాత్రం బరువైన రబ్బరు మ్యాటు వేశాం. అక్కడ వైర్లు దూరే చిల్లుల చుట్టూ రబ్బరు వాచర్లు ఎండి పగిలిపోతే మార్చాం. మా అంచనాలో మొత్తం పనిలో అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చినవి ఆ వంద రూపాయల వాచర్లు, ఇంజను కింద మార్చిన రబ్బరు మౌంటింగులు. కిటికీ తెరిచి పెట్టి గోడ మందం పెంచితే ఏం లాభం?

తర్వాత నీళ్లు పీల్చని ఫోము పలుచగా, దాని మీద కొత్త నమదా, దాని మీద కార్పెట్. ఫోము కొనేటప్పుడు ఒక ముక్కను నీళ్లలో ముంచి పిండి చూడాలి. నీళ్లు వస్తే పరుపులో వేసే స్పాంజి, అది వద్దు. మా బండికి అచ్చు పోసిన కార్పెట్ దొరకలేదు. మీటర్ల లెక్కన అమ్మే బట్ట తెచ్చి, పాత కార్పెట్‌ను నేల మీద పరిచి, దాన్నే కొలతగా పెట్టి కోశాం. ఈ పనికి అవ్వ దిగింది. గేరు దగ్గర ఉబ్బు మీద బట్ట ముడతలు పడుతుంటే ఎక్కడ గాటు పెట్టాలో ఆమె చెప్పింది. రవికలు కుట్టిన చెయ్యి. పెడల్స్ దగ్గర మాత్రం తమ్ముడు ఎవరి మాటా వినలేదు. బట్ట అంచు కిందికి మడిచి అతికించి, పైన మ్యాటు జరగకుండా కొక్కెం పెట్టాడు. ఇది చాదస్తం కాదు. 2009లో అమెరికాలో మ్యాటు జరిగి యాక్సిలరేటరును నొక్కి పట్టే ప్రమాదం ఉందని టొయోటా కంపెనీ 38 లక్షల బండ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి ప్రమాదంలో ఒక కుటుంబంలోని నలుగురు చనిపోయారు.

అంతా కలిపి 12,000 లోపు అయింది, తమ్ముడికి ఇచ్చిన కూలితో సహా. కూలి తీసుకోనన్నాడు. ఇంటి పని అని ఊరికే చేయించుకుంటూ పోతే పనిమంతుడు పట్నం పోతాడని మేమే బలవంతంగా ఇచ్చాం.

ఫలితం చెప్పేటప్పుడు అబద్ధం చెప్పకూడదు. ఫోనులో డెసిబెల్ చూపించే యాప్ ఉంటుంది. అది కచ్చితమైనది కాదు, కానీ అదే ఫోను, అదే రోడ్డు, అదే వేగం అయితే ముందుకూ తర్వాతకూ పోల్చుకోవచ్చు. తగ్గింది నాలుగైదు డెసిబెల్సే. డీజిలింజను లోతు గొంతు అలాగే ఉంది. దాన్ని ఏ షీటూ మింగదు. పోయింది పైన గరగర, రేకుల గలగల, టైర్ల ఈల. మనిషి మాటలో హల్లులు వినపడేది ఆ పై శబ్దాల్లోనే. క, త, ప లకు తేడా తెలిసేది అక్కడే. అంకె కొంచెమే తగ్గినా మాట మాత్రం విడివిడిగా వినపడుతోంది.

తర్వాతి నెల వరంగల్ ప్రయాణంలో అవ్వ మొదట కాసేపు మాట్లాడలేదు. బండి చెడిపోయిందేమో అనుకుందట. పాకాల దగ్గర మొదలుపెట్టింది. ఆ రికార్డింగ్‌లో నలభై నిమిషాలు రాసుకోగలిగాం. అందులో పదకొండు చోట్ల పేర్లు, రెండు నాటు పాటలు ఉన్నాయి. ఒక మాట దగ్గర ముగ్గురం మూడు రకాలుగా రాసుకుని, మళ్లీ మళ్లీ విని, చివరికి ఆమెనే అడిగాం. ‘నేను చెప్పింది గదే గద’ అంది, నాలుగో రకంగా పలుకుతూ. ఇంకో మార్పు మేము అనుకోనిది. రోజువారీ ప్రయాణంలో మేము ముగ్గురం కోయలో మాట్లాడుకోవడం పెరిగింది. అరవాల్సి వచ్చినప్పుడు తెలుగే నోటికొచ్చేది, బహుశా బళ్లో గట్టిగా మాట్లాడేది తెలుగులో కాబట్టి.

నాలుగు షీటు ముక్కలు మిగిలాయి. బడిలో ఇనుప బీరువా తలుపులకు రెండు అతికించాం, ఇప్పుడు తెరిస్తే పక్క తరగతి ఉలిక్కిపడదు. మిగతా రెండూ రేకుల గది కప్పుకు వేసి చూద్దామనుకున్నాం. వాన పడితే ఆ గదిలో పాఠం ఆగిపోతుంది, పిల్లలు చెవులు మూసుకుంటారు. ఎండకు ఆ రేకు కాలే తీరు చూసి తారు నిలవదని తమ్ముడు వద్దన్నాడు. గడ్డి కప్పిన ఇంట్లో ఏనాడూ వాన చప్పుడుకు మాట ఆగలేదని అవ్వ గుర్తు చేసింది. రేకు మీద గడ్డి కప్పితే పైనుంచి అరచెయ్యి ఆనించినట్టే. కాకపోతే నిప్పు భయం, ఏటా మార్చే పని. కింద వెదురు తడకలు కట్టి, వాటి మీద నమదా పరిచే ఆలోచన ఒకటుంది. గది కొలతలు తీసుకున్నాం. గంగారం వైపు తడకలు అల్లేవాళ్లను ధర అడిగి పెట్టాం, ఇంకా చెప్పలేదు.